పొట్టి పానా

వింజమూరులో లేత్ షెడ్డు నడిపే గురవాచారిగారికి ఒక అలవాటుండేది. ఎవరైనా వచ్చి ప్రశ్న అడిగితే, జవాబు చెప్పకముందే ఆ మనిషి చేతికి ఏదో ఒకటి అందించి, "కాస్త పట్టుకో నాయనా" అనేవారు. టార్చిలైటో, నూనె డబ్బానో, ఇనుపకడ్డీకి రెండో కొసో. అడిగినవాడు అది పట్టుకుని నిలబడేవాడు. కొందరికి పని అయ్యేలోపల జవాబు దొరికేది. కొందరు ప్రశ్నే మరిచిపోయేవారు. ఇంకొందరు ఏదీ దొరక్క, చేతులు నొప్పి పుట్టి ఇంటికి పోయేవారు. నవ్వుతారేమమ్మా, నవ్వండి, ఆయన ముందూ అందరూ నవ్వేవారు. చేతులు ఖాళీగా ఉన్న మనిషికి బోధ ఎక్కదని ఆయన నమ్మకం. పగలంతా లేత్ మీద ఇనుము తిప్పుతూ, గురువారం సాయంత్రాలు అదే షెడ్డులో చాప పరిచి భజన చేయించేవారు. కమ్మరమూ గురుబోధా రెండూ తండ్రి దగ్గరే నేర్చుకున్న మనిషి. దేవుడి పటానికి పెట్టే బొట్టే లేత్ మిషనుకీ పెట్టేవారు.

ఆ షెడ్డు గోడకి పానాలు వరసగా మేకులకి వేలాడుతుండేవి. అన్నీ మామూలువే, ఒక్కటి తప్ప. పదిహేడో నంబరు రింగు పానా పిడిని ఆచారిగారు ఎప్పుడో రంపంతో కోసేశారు. జానెడు ఉండాల్సిన పిడి నాలుగు వేళ్ళ మేర మిగిలింది. మోటారుసైకిలు ఇంజను అడుగున, పాత నూనె దింపడానికి ఒక బోల్టుంటుంది చూడండి, దానికి వాడే పానా అది. పక్కన పంక్చర్ల కొట్టు పెట్టుకున్న ఖాదర్‌బాషా దాన్ని చూసినప్పుడల్లా, "మా మేకపోతు తోక కూడా దీనికన్నా పొడుగుంటది సామీ" అని దెప్పేవాడు. ఆచారిగారు కోప్పడేవారు కాదు, ఎందుకు కోశారో చెప్పేవారూ కాదు.

ఒక గురువారం భజన ముగిసి అందరూ లేచి పోతుంటే, పెంచలయ్య మాత్రం చాప మీదే కూర్చుండిపోయాడు. పెంచలయ్య గోపాలమిత్ర. అంటే, బండి మీద ఊరూరా తిరిగి ఆవులకీ గేదెలకీ చూడి సూదులు వేసే మనిషి. వెనక సీటుకి కట్టిన డబ్బాలో చలిపొగ కక్కే మందు, ముందు మైళ్ళకొద్దీ దారి. ఉదయగిరి కొండల దిగువన అతను అడుగుపెట్టని దొడ్డి లేదు. ఎన్ని వందల పశువులు అతని చేతి చలవతో ఈనాయో లెక్కలేదుగానీ, అతని ఇంట్లో మాత్రం ఉయ్యాల ఊగలేదు. ఏభై దాటాయి. రెండేళ్ళుగా ఒంటరిగా వండుకు తింటున్నాడు.

"సామీ, ఒక మాట అడగాల" అన్నాడు. "కోతిపిల్ల తల్లిని కరుచుకున్నట్టు భగవంతుణ్ణి గట్టిగా పట్టుకోమన్నారు పెద్దలు. తల్లి ఎన్ని కొమ్మలు దూకినా పిల్ల పట్టు వదలదంట. నేనూ అట్టాగే పట్టుకున్నా. దేవుణ్ణీ, మనిషినీ. ఇంట్లో ఉన్న ఒక్క మనిషినీ అరక్షణం వదిలిపెట్టలా. మరి గట్టిగా పట్టుకున్న చేతిలోంచే ఎందుకు జారిపోతారు సామీ?"

ఆచారిగారు హార్మోనియం పెట్టె ఎత్తి అతని చేతుల్లో పెట్టారు. "ఇది లోపల పెట్టిరా నాయనా." పెంచలయ్య పెట్టి వచ్చేసరికి ఆయన కంచం ముందు కూర్చుని సంగటి పిసుకుతున్నారు. "మళ్ళీ వస్తావుగదా" అన్నారంతే. పెంచలయ్య చిన్నబుచ్చుకున్నాడు. ప్రశ్న గురువారం అడిగాడు. జవాబు ఆదివారం వచ్చింది. మధ్యలో ఏం జరిగిందో చెబుతాను, వినండి.

జారిపోయిన మనిషి అతని భార్య రవణమ్మ. పెంచలయ్య చెడ్డవాడని ఊళ్ళో ఒక్క నాలుక కూడా అనదు. తాగడు, తిట్టడు, చెయ్యెత్తడు. అతనికున్నది ఒకే మాట: "ఎక్కడున్నావ్?" దొడ్లో ఆవు తోక ఎత్తిపట్టి కూడా రెండో చేత్తో ఫోన్ చేసేవాడు, ఎక్కడున్నావ్ అని. నీళ్ళకి పోతే ఎక్కడున్నావ్, పేరంటానికి పోతే ఎక్కడున్నావ్. చెల్లెలింటికని రెండు రోజులకి కావలి పోతే, మొదటి సాయంత్రానికే బండి వేసుకుని వాకిట్లో దిగేవాడు. అనుమానం కాదు. ఉన్నది ఆమె ఒక్కతే, ఆమె లేని ఇల్లు అతనికి భయం. రవణమ్మ మొదట్లో కొట్లాడేది. "పోలేరమ్మకి కట్టిన దున్నపోతు కూడా కాస్త తాడు వదిలితే అటూ ఇటూ మేస్తది, నీ దగ్గర ఆ మాత్రం తాడూ లేదు" అని అరిచేది. ఆఖరి ఆరునెలలు మాత్రం అరవడం మానేసింది. ఏమన్నా "సరే" అనేది. పోవద్దంటే సరే. ఉండమంటే సరే. ఇల్లు చల్లబడిందని పెంచలయ్య సంతోషించాడు. ఒక సోమవారం పొద్దున అన్నం వండి మూతపెట్టి, మూత మీద తాళంచెవి పెట్టి, ఆమె కావలి బస్సెక్కింది. అక్కడ చెల్లెలి ఇంటి ముందు గదిలో మిషను వేసుకుని జాకెట్లు కుడుతోంది. ఇతను ఇప్పటికీ రోజూ ఇద్దరికి సరిపడా బియ్యం పోస్తాడు. దండెం మీద తన చొక్కాలు రెండూ ఒక మూలకే ఆరేసి, మిగతా దండెం ఖాళీగా వదిలేస్తాడు.

ఆ ఆదివారం చెల్లెలి కూతురికి సీమంతం. రవణమ్మే కబురు పంపింది: "రావాలనుంటే రా. భోంచేసి పో. నన్ను రమ్మని మాత్రం అడగమాక." రెండేళ్ళకి వచ్చిన మొదటి కబురు. పెంచలయ్య దాన్ని పదిసార్లు మనసులో వల్లె వేసుకున్నాడు, చివరి మాట ఒక్కటీ వదిలేసి. ఎట్లాగైనా ఆమెను వెంటబెట్టుకుని రావాల. ఈసారి తప్పితే ఇక రాదు. శనివారం మధ్యాహ్నం తోడల్లుడు మాలకొండయ్యకి ఫోన్ చేశాడు. "తమ్ముడూ, భోజనాలయ్యాక పదిమంది పెద్దలు కూచుంటారుగదా. అప్పుడు మాట కదిలించు. అందరి ముందర ఆమె కాదనలేదు. తర్వాత నేను అందుకుంటా."

ఫోన్ పెట్టేసి, రేపటి ప్రయాణానికి బండి నూనె మార్చడానికి కూర్చున్నాడు. పాత నూనె దింపి, కింది బోల్టు మళ్ళీ పెట్టి, పానాతో బిగించాడు. బోల్టు కూర్చుంది. చుక్క కారలేదు. కానీ దూరపు ప్రయాణం, కారితేనో? ఇంకాస్త బిగించాడు. తన బలం చాలదేమోనని, మూలనున్న ఇనుప గొట్టం ఒకటి తెచ్చి పానా పిడికి తొడిగి, కాలు దన్నుపెట్టి లాగాడు. గట్టిగా, గట్టిగా, ఇంకా గట్టిగా. ఉన్నట్టుండి బోల్టు మెత్తగా తిరిగింది. వెన్నలో వేలు తిరిగినట్టు తిరిగింది. ఊడదీసి చూస్తే బోల్టు మెలికల్లో సన్నటి వెండితీగల్లాంటి ముక్కలు చుట్టుకుని ఉన్నాయి. బోల్టుకి ఏమీ కాలేదు. దాన్ని పట్టుకుని ఉండే ఇంజను లోపలి మరలు, ఆ మెలిక గాట్లు, తెగి బోల్టుతోపాటే బయటికొచ్చేశాయి. గుడ్డపోగు చుట్టి, నీళ్ళ గొట్టాలకి పూసే మైనం పూసి, దేవుడికి దణ్ణం పెట్టి బోల్టు దూర్చాడు. నిలిచింది.

పొద్దున ఎనిమిదికి బయల్దేరాడు. బయల్దేరుతున్నానని ఒకసారి, బయల్దేరానని ఒకసారి, ఇంకో రెండు సార్లు ఊరికే, మొత్తం నాలుగుసార్లు రవణమ్మకి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. వింజమూరు పొలిమేరకొచ్చేసరికి కుడికాలు వెచ్చగా తడిసింది. దిగి చూస్తే తెల్ల ప్యాంటు మోకాలిదాకా నల్లగా ఉంది, వెనక రోడ్డు పొడుగునా నూనె గీత. ఇంజను ఆపి, ఎండలో కిలోమీటరు దూరం బండి తోసుకుంటూ ఆచారిగారి షెడ్డు చేరాడు.

"ఏందన్నా" అన్నాడు ఖాదర్‌బాషా, ట్యూబు నీళ్ళతొట్టిలో ముంచుతూ. "తలంటుకి నువ్వులనూనె దొరకలేదా? ఇంజనాయిల్ పూసుకొచ్చావు!"

"నోర్ముయ్యి బాషా. పదకొండుకి కావలిలో ఉండాల." బాషా నిజంగానే నోరు మూసుకుని, లేచి వచ్చి, బండి వెనకనుంచి పట్టాడు.

ఆచారిగారు గోనెపట్టా పరుచుకుని బండి కింద పడుకున్నారు. చూపుడువేలు ఆ బెజ్జంలో పెట్టి నెమ్మదిగా తిప్పారు, గాయం తడిమినట్టు. "ఎవరు బిగించారు?"

"నేనే సామీ."

"అంతకుముందు కారేదా?"

"లేదు సామీ. కారుద్దేమోనని."

"దేంతో?"

"పానాకి గొట్టం తొడిగి."

ఆచారిగారు పైకి చూడకుండానే అడిగారు: "ఆఖర్న చేతికెట్టా తగిలింది?"

"మెత్తగా తిరిగింది సామీ." పెంచలయ్య తడబడ్డాడు. "నేను... లొంగిందనుకున్నా."

ఆ మాట నోట్లోంచి వచ్చాక అతనికే వినిపించింది. ఆ మెత్తదనం కొత్తది కాదు. ఆరునెలలపాటు రోజూ ఇంట్లో విన్నదే. పోవద్దంటే సరే. ఉండమంటే సరే. షెడ్డులో ఇద్దరు మనుషులున్నా, పెంచలయ్య కొండల మధ్య బండి ఆగిపోయినవాడిలా నిలబడ్డాడు.

"బెజ్జం పెద్దది చెయ్యాల నాయనా" అంటూ ఆచారిగారు లేచారు.

"పెద్దదా? ఇప్పటికే పాడైంది గదా సామీ! ఉన్న మరనే ఏదోరకంగా..."

"పోయిన మర మీద మర కొయ్యలేం. ఇది పట్టుకో." టార్చిలైటు ఒక చేతికిచ్చారు. నూనె పళ్ళెం రెండో చేతికిచ్చారు. "రెండూ కదలకూడదు."

పెంచలయ్యకి అప్పుడు తెలిసింది, జేబులోని ఫోన్ తీయడానికి ఇక చెయ్యి లేదని. ఆలస్యమవుతుందని చెప్పాలి. ఆమె ఎక్కడుందో, వడ్డిస్తోందో, పేరంటాళ్ళలో ఉందో అడగాలి. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. ఆచారిగారు మాత్రం డ్రిల్లుకి గ్రీజు దట్టంగా పూసి, తొందర లేకుండా చెడిన బెజ్జాన్ని వెడల్పు చేశారు. గ్రీజుకి అంటుకుని వెండి రజను వచ్చింది. తుడిచారు, మళ్ళీ పూశారు. తర్వాత మరలు కోసే ట్యాప్ పెట్టి, అరచుట్టు ముందుకి, పావుచుట్టు వెనక్కి, అరచుట్టు ముందుకి, పావుచుట్టు వెనక్కి తిప్పారు. "ముందుకే తిప్పితే తొందరగా అవదా సామీ?" అన్నాడు బాషా. "అవుద్ది. విరుగుద్ది" అన్నారాయన. తర్వాత లేత్ దగ్గర కూర్చుని, ఇత్తడి కడ్డీలోంచి ఉంగరంలాంటి బుష్ ఒకటి తిప్పారు. బయట ఒక మర, లోపల ఒక మర. బయటిది ఇంజనుకి, లోపలిది బోల్టుకి.

"ఇత్తడెందుకు? ఇనుపదే వెయ్యొచ్చుగా" అన్నాడు బాషా, జ్ఞానం ప్రదర్శిస్తూ.

"ఇంజను మెత్తన. బోల్టు గట్టిది. మధ్యలో ఇద్దరి మాటా వినేవాడొకడుండాల గదరా."

సరిగ్గా అప్పుడే పెంచలయ్య జేబులో ఫోన్ మోగింది. రెండు చేతులూ నిండి ఉన్నాయి. ఆచారిగారి వైపు చూశాడు. ఆయన లేత్ మీదనుంచి తల ఎత్తలేదు. బాషాయే జేబులోంచి తీసి, పేరు చూసి, కనుబొమలెగరేసి, పెంచలయ్య చెవికి ఆనించాడు.

"ఎక్కడున్నావ్?" అంది రవణమ్మ.

అయ్యా, ఇరవైరెండేళ్ళ కాపురంలో ఆ ప్రశ్న అతను ఎన్ని వేలసార్లు అడిగాడో. ఒక్కసారీ అతనికి ఎవరూ వెయ్యలేదు. వెయ్యడానికి సందిస్తేగదా. ఆమెకి ఫోన్ చెయ్యాలనిపించే లోపలే ఇతని ఫోన్ మోగేది. ఆ మాట చెవిలో పడితే ఇంత వెచ్చగా ఉంటుందని అతనికి తెలియదు. వెచ్చగానూ ఉంది, రోజుకి పద్నాలుగుసార్లయితే ఉడికిపోతామనీ తెలుస్తోంది.

"సామి దగ్గరున్నా. బండి చెడింది. నా చేతులతోనే చెడగొట్టుకున్నాలే. ఆలస్యమవుద్ది. మీరు భోజనాలు కానీండి."

అవతల కాసేపు మాట లేదు. ఇతను తర్వాతి ప్రశ్న అడుగుతాడని ఎదురుచూసింది కాబోలు. "సరే. నిదానంగా రా" అని పెట్టేసింది. ఈ "సరే" వేరేగా ఉంది. ఎట్లా వేరో పెంచలయ్య చెప్పలేడు.

ఆచారిగారు బుష్ బిగించి, ఒక గిన్నెడు పాత నూనె ఇంజనులో పోసి కిందినుంచి వదిలారు. అది మిగిలిన రజనంతా కడిగి పళ్ళెంలోకి తెచ్చింది. రెండోసారి పోశారు. ఈసారి రజను తక్కువ. మూడోసారి నూనె వేళ్ళతో రాసి చూసి, గరుకు తగలక తల ఊపారు. అప్పుడు కొత్త రాగి వాషరు వేసి, బోల్టు వేళ్ళతోనే చివరిదాకా తిప్పి, గోడ మీద పొట్టి పానా తీసి పెంచలయ్యకిచ్చారు. "నువ్వే బిగించు."

"నేనా సామీ?"

"నీ బండేగదా."

పెంచలయ్య గోనెపట్టా మీద పడుకున్నాడు. ఆ నాలుగు వేళ్ళ పిడిలో అరచెయ్యి పట్టలేదు. మూడు వేళ్ళు పట్టాయి, అంతే. తిప్పాడు. బోల్టు కూర్చుంది, వాషరు కాస్త అణిగిన సంగతి వేలికి తెలిసింది. అక్కడే అతని మణికట్టు ఇంకొక్క చుట్టు అడిగింది. ఒక్క చుట్టు. కారితేనో? ఆచారిగారు పక్కన గొంతుక్కూర్చుని చూస్తున్నారు. చాలనలేదు, ఇంకొంచెమూ అనలేదు. చెమట చుక్క ఒకటి జారి పెంచలయ్య చెవిలోకి పోయింది. అతను చెయ్యి తీశాడు.

కొత్త నూనె పోసి, ఇంజను వేడెక్కేదాకా తిప్పి చూసి, ఒంటిగంటన్నరకి బయల్దేరబోతుంటే, "పానా తీసుకుపో" అన్నారు ఆచారిగారు. "దారిలో అవసరం పడితే వాడుకో. గురువారం తెచ్చియ్యి."

కావలి దారిలో ఎండ కరిగి తారుమీద మెరుస్తోంది. ఒక్క మనిషి లేడు. పది కిలోమీటర్లకి పెంచలయ్య బండి ఆపి, పానా తీసి, ఇంజను కింద వంగి చూశాడు. పొడిగా ఉంది. పానా బోల్టుకి తగిలించి, తీసేశాడు. మళ్ళీ పది కిలోమీటర్లకి ఆపాడు. పొడిగా ఉంది. ఈసారి పానా జేబులోంచి తీయలేదు. మూడోసారి ఆపినప్పుడు బండి దిగకుండా రోడ్డుపక్క తాటితోపువైపు చూస్తూ కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ ఈ దారిలో పోతూ, ఫోనులో ఎవరో ఒకరిని పట్టుకుని మాట్లాడుతూనే ఉన్నాడు. ఇంత నిశ్శబ్దం ఇక్కడుందని తెలియలేదు. భయమేసింది. కాసేపటికి ఆ భయం కూడా కూర్చున్నచోటే కూర్చుంది. బండి స్టార్ట్ చేశాడు.

సీమంతం అయిపోయింది. పేరంటాళ్ళు గాజుల చేతులతో వెళ్ళిపోతున్నారు. రవణమ్మ అతని ప్యాంటు చూసి, "ఇదేం అవతారం!" అని, నవ్వాలో కోప్పడాలో తెలియనట్టు నిలబడి, లోపలికి పోయి విస్తరి తెచ్చింది. "పులిహోర చల్లారింది. చల్లారినా నీకిష్టమేగదా." చిక్కిందనుకున్నాడు, చూస్తే చిక్కలేదు. మెడలో కొలత టేపు వేలాడుతోంది, పండగరోజు కూడా. వేలికి సూది గుచ్చుకున్న గుర్తులు. అతను తలదించుకుని తిన్నాడు.

చెయ్యి కడుక్కుని వచ్చేసరికి వసారాలో పెద్దలు వరసగా కూర్చుని తాంబూలాలు వేసుకుంటున్నారు. మాలకొండయ్య పెంచలయ్యకి కన్నుగీటి, గొంతు సవరించుకున్నాడు. "వదినా! ఇట్టా రా. పదిమందిలో అడుగుతున్నా. మా అన్న ఎండలో, నూనెలో తడిసి వచ్చినాడు. రెండేళ్ళు చాలదా? పెద్దోళ్ళంతా ఇక్కడే ఉండారు. పోతావా, పోవా?"

"పోమ్మా, పో" అన్నాడొక ముసలాయన. "ఆడకూతురికి అదే అందం" అన్నాడు ఇంకొకాయన తమలపాకు ఈనె తీస్తూ.

రవణమ్మ గడప దగ్గర మజ్జిగ బకెట్టుతో ఆగిపోయింది. పెంచలయ్యవైపు చూడలేదు. ఆమె భుజాలు కిందికి జారాయి. ముఖంలో కోపం లేదు, ఏమీ లేదు. పెదవులు మెల్లగా విడివడ్డాయి. పెంచలయ్యకి ఆ మాట తెలుసు. అది పెదవి అంచుదాకా వచ్చింది. ఇంకొక్క చుట్టు చాలు. తను నోరు విప్పి "పద రవణా" అంటే చాలు, ఈ సాయంత్రం ఇంట్లో దీపం ఆమె వెలిగిస్తుంది. రెండేళ్ళుగా అడిగింది ఇదేగదా దేవుణ్ణి. అతని చెయ్యి జేబులోకి పోయింది. నాలుగు వేళ్ళ ఇనుము అరచేతికి తగిలింది.

"ఉండు మాలకొండయ్యా" అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "ఎవరిని అడుగుతున్నావు? ఆమెకి ఇక్కడ పనుంది. మెడలో టేపు కనబడలా? ఒప్పుకున్న జాకెట్లు ఎవరు కుడతారు, నువ్వు కుడతావా?"

వసారాలో నవ్వులు లేచాయి. మాలకొండయ్య నోరు తెరిచి, "నువ్వే గదన్నా..." అని, మూసేశాడు. రవణమ్మ అప్పుడు చూసింది పెంచలయ్యవైపు. చాలాసేపు చూసింది, ఎవరో తెలియని మనిషిని పోల్చుకుంటున్నట్టు. తర్వాత బకెట్టు ఎత్తుకుని మజ్జిగ పోయడానికి పోయింది.

పొద్దు వాలకముందే అతను బయల్దేరాడు. ఆమె గేటుదాకా వచ్చింది. "మళ్ళీ ఎప్పుడు..." అని అతని నాలుక మీదకి వచ్చిన మాటని అతను మింగాడు. ఆమె గేటు గొళ్ళెం కదిలిస్తూ నిలబడింది. "ఆ మరక ఉతికితే పోదు. సున్నిపిండి అద్ది ఒకరోజు వదిలెయ్యి" అంది. బండి కదిలాక వెనకనుంచి, "ఇల్లు చేరినాక ఒకసారి చెప్పు" అంది.

ఇల్లు చేరాడు. తాళం తీస్తే లోపలి చీకటి రోజులాగే ఎదురొచ్చింది. "చేరా" అని చెప్పాడు. "ఊఁ" అంది. అవతలి మనిషి ఇంకేదైనా అంటారేమోనని ఇద్దరూ కాసేపు ఆగారు. ఫోన్ పెట్టేసి, బియ్యం కొలవబోయి, గిన్నె చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడి, ఒక్కడికే పోసుకున్నాడు. పొద్దున లేచి మొదట బండి కింద చూశాడు. అరుగు మీద చుక్క లేదు.

సోమ, మంగళ, బుధ. మూడు రోజులూ అతను ఫోన్ చెయ్యలేదు. ఆమె చేసిందో లేదో నన్నడగకండి. నాకు చెప్పినవాళ్ళు చెప్పలేదు.

గురువారం భజనకి అందరికన్నా ముందొచ్చాడు. ఆచారిగారు లేత్ తుడుస్తున్నారు. పెంచలయ్య పొట్టి పానా పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"సామీ, ఆమె రాలేదు. వచ్చేదే. పెదవిదాకా వచ్చింది మాట. నేనే ఆపా." పానా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "ఇల్లంతా ఖాళీగా ఉంది సామీ. నేను చేసింది పట్టుకోవడమో వదిలెయ్యడమో కూడా నాకు తెలవట్లా. ఇంకా ఏం చెయ్యాలో చెప్పండి."

ఆచారిగారు గుడ్డ పక్కన పెట్టి, బయట నిలిపిన బండి దగ్గరికి పోయి, మోకాళ్ళ మీద వంగి, ఇంజను కింద వేలితో తడిమి చూశారు. వేలు వెలుతురులో పెట్టి చూసుకున్నారు.

"ఇన్ని రోజుల్లో చుక్కన్నా పడిందా?"

"లేదు సామీ."

"అయితే ఆ పానా మేకుకి తగిలించు నాయనా."